మీటింగు దండగ అనే దండగమాట

కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఇళ్ల ధరల మీదా, వీసాల మీదా, అమరావతి మీదా ఇద్దరు తెలుగువాళ్ల మాట కలవదు. మీటింగుల మీద మాత్రం అందరిదీ ఒకే మాట: శుద్ధ దండగ. "ఇది ఒక ఈమెయిల్‌తో పోయేది కదా" అని విసుక్కోని ఇంజనీరు మిషన్ కాలేజ్ బులవార్డు నుంచి గ్రేట్ అమెరికా పార్క్‌వే దాకా వెతికినా దొరకడు. ఈ మాటకు పెద్దల దీవెన కూడా ఉంది. మీటింగులో తన అవసరం లేదనిపించిన క్షణమే లేచి వెళ్లిపొమ్మని 2018లో ఎలాన్ మస్క్ టెస్లా ఉద్యోగులకు రాశాడు. 2023 జనవరిలో షాపిఫై అనే కెనడా కంపెనీ ముగ్గురూ అంతకు మించీ కూర్చునే, మళ్లీ మళ్లీ వచ్చే మీటింగులన్నిటినీ క్యాలెండర్లలోంచి చెరిపేసింది. ఆ ఏడు జులైలో మీటింగు పిలవబోతుంటే దానికి ఎన్ని డాలర్లు ఖర్చవుతుందో చూపించే క్యాలిక్యులేటర్ పెట్టింది. వీటికి చప్పట్లు కొట్టినవాళ్లలో మనవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు.

ఈ విసుగు ఆఫీసులో ఆగిపోతే నాకూ పేచీ లేదు. శుక్రవారం లాప్‌టాప్ మూసిన మనిషే శనివారం తెలుగు సంఘం కార్యవర్గంలోకి, గుడి కమిటీలోకి, పిల్లల తెలుగు బడి కమిటీలోకి ఆ మాటను మోసుకొస్తాడు. "మీటింగెందుకన్నా, గ్రూపులో పడేద్దాం. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్తారు." ఎవరూ చెప్పరు. ఆరు బొటనవేళ్లు లేస్తాయి, ఉగాదికి హాలు బుక్కయిపోతుంది.

దీన్ని వేగమంటున్నారు. నేను దొడ్డిదారి అంటున్నాను. మీటింగు తీసేసినంత మాత్రాన నిర్ణయం ఆగదు, అది జరిగే చోటు మారుతుంది. ఎజెండా ఉన్న గదిలోంచి లేచి రెస్టారెంటు పార్కింగులోకి, నలుగురు పాత మిత్రుల గరాజులోకి, ఇద్దరి మధ్య ఫోన్లోకి పోతుంది. అక్కడ ఎవరున్నారో, ఎవరేమన్నారో రాసేవాడుండడు. రేపు డబ్బు లెక్క తేలకపోతే "అందరం అనుకున్నదే కదా" అన్న మాట తప్ప ఇంకో ఆధారం మిగలదు.

ఈ ఊళ్లో కూర్చుని మీటింగుల గురించి మాట్లాడుతూ ఆండీ గ్రోవ్‌ను పక్కన పెట్టడం కుదరదు. ఇంటెల్‌ను నడిపినవాడు. పొద్దున 8 గంటల 5 నిమిషాలు దాటి వచ్చినవాళ్లతో విడిగా సంతకం పెట్టించినంత పట్టుదల మనిషి. మీటింగులు దండగని ఎవరైనా అనాలంటే మొదట ఆయనే అనాలి. 1983లో వచ్చిన ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’లో ఆయన రాసింది దీనికి పూర్తిగా ఎదురు. పనివేళల్లో పావువంతుకు మించి మీటింగుల్లో గడిచిపోతుంటే ఆ సంస్థ అమరికలోనే లోపముందని మేనేజ్‌మెంట్ పండితుడు పీటర్ డ్రకర్ అన్నాడు. గ్రోవ్ ఒప్పుకోలేదు. సమాచారం రాబట్టడం, పంచడం, నిర్ణయం తీసుకోవడం, ఇవే మేనేజరు పనులైనప్పుడు ఆ పనులు జరిగే చోటును తప్పించుకుని ఎక్కడికి పోతాడని ఆయన వాదన. క్రమం ప్రకారం జరిగే మీటింగులను ఒక కోవలో, ఏదో కొంప మునిగిందని హడావుడిగా పిలిచేవాటిని మరో కోవలో పెట్టాడు. పావువంతు దాటకూడనివి ఈ రెండో రకమన్నాడు.

షాపిఫై లెక్క కూడా కొత్తదేం కాదు. మేనేజరు గంట ఖరీదు 100 డాలర్లు, పదిమంది రెండు గంటలు కూర్చుంటే 2,000 డాలర్లు అని గ్రోవ్ ఆ పుస్తకంలోనే కట్టాడు. ఆ అంకె మీంచి ఆయన వెళ్లిన దారి వేరు. రెండు వేల డాలర్ల యంత్రాన్ని తోటి ఉద్యోగి ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోం కదా, తోటివాళ్ల కాలాన్ని ఎత్తుకుపోతుంటే ఎందుకు ఊరుకోవాలి అని అడిగాడు. అంటే నేరం మీటింగు పిలిచి, సిద్ధపడకుండా వచ్చినవాడి మీద మోపాడు. నిర్ణయాలకు కూర్చునేవాళ్లు ఆరేడుగురు చాలు, ఎనిమిది దాటితే కుదరదన్నాడు. ఏ నిర్ణయం కావాలి, ఎప్పటికి కావాలి, ఎవరు తీసుకుంటారు, ముందుగా ఎవరిని అడగాలి, ఎవరు కాదనగలరు, తర్వాత ఎవరికి చెప్పాలి, ఈ ఆరూ ముందే తేల్చుకుని రమ్మన్నాడు. మన కమిటీల్లో ముందుగా తెలిసేది తేదీ ఒక్కటే. అదీ రెండుసార్లు మారుతుంది.

మీటింగుల్ని ఎగతాళి చేసేవాళ్ల దగ్గర ఒక గట్టి కథ ఉంది. అదీ ఇంటెల్‌దే. దాన్ని దాటేసి పోతే నా వాదం నిలవదు కాబట్టి చెప్పుకోవాలి. 1985 మధ్యలో, జపాన్ మెమరీ చిప్పుల ధాటికి కంపెనీ కుదేలవుతున్న రోజుల్లో, గ్రోవ్, అప్పటి సీఈఓ గోర్డన్ మూర్ ఇద్దరే గదిలో కూర్చున్నారు. మనల్ని గెంటేసి బోర్డు కొత్త సీఈఓను తెస్తే అతనేం చేస్తాడని గ్రోవ్ అడిగాడు. మెమరీల వ్యాపారం వదిలేస్తాడన్నాడు మూర్. ఆ పనేదో మనమే చేస్తే పోలా అనుకున్నారు. ఇంటెల్ మైక్రోప్రాసెసర్ల కంపెనీ అయింది. చూశారా, కమిటీ లేదు, ఎజెండా లేదు, ఇద్దరు మహానుభావులు, ఒక గది!

ఈ కథను సగం దగ్గరే ఆపేస్తారు. మిగతా సగం గ్రోవే 1996లో ‘ఓన్లీ ది పారనాయిడ్ సర్వైవ్’లో రాశాడు. కంపెనీ పుట్టింది మెమరీలతో కాబట్టి పైవాళ్లకు వాటి మీద మమకారం చావలేదు, ఏడాది పాటు ఊగిసలాడారు. ఆ కాలమంతా కింద ఫైనాన్స్ వాళ్లూ ఉత్పత్తి ప్రణాళిక వాళ్లూ నెలనెలా కూర్చుని, చేతిలో ఉన్న సిలికాన్ వేఫర్లు ఏ చిప్పుకు ఎన్ని ఇవ్వాలో పంచుతూనే ఉన్నారు. వాళ్ల ముందున్న ప్రశ్న ప్రతి నెలా ఒకటే: ఎక్కడ ఎక్కువ మిగులుతుంది? మెమరీల్లో నష్టం, ప్రాసెసర్లలో లాభం కళ్లెదుట ఉన్నాయి. నెలకు కొన్ని చొప్పున వేఫర్లు ఇటు నుంచి అటు జరిగాయి. పైన ఇద్దరూ ఆ మహా నిర్ణయం తీసుకునేనాటికి ఇంటెల్ ఎనిమిది ఫ్యాక్టరీల్లో మెమరీలు తయారవుతున్నది ఒక్కదాంట్లోనే. ఎవరి పేర్లూ లోకానికి తెలియని ఆ నెలవారీ కూర్పు, హాజరైనవాళ్లకే విసుగు పుట్టించి ఉండగల ఆ కూర్పు, కంపెనీని అప్పటికే మలుపు తిప్పేసింది. గదిలో ఇద్దరూ చేసింది దాన్ని ఒప్పుకోవడం.

ఆ కూర్పులో ఏమున్నాయో చూడండి. క్రమం తప్పని వాయిదా ఉంది. ఒకటే ప్రశ్న ఉంది. అంకెలు బల్ల మీద ఉన్నాయి. అక్కడికక్కడే తేల్చే అధికారం వాళ్ల చేతిలో ఉంది. మన కమిటీల్లో ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ సరిగా ఉండదు. పైగా ఫలితం రాలేదని మీటింగును తిడతాం.

నేటి దేవుడు జెన్సన్ హ్వాంగ్. ఆయన నడిపే ఎన్విడియా ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే. ఆయన ఎవరితోనూ విడిగా కూర్చుని మాట్లాడే మీటింగులు పెట్టుకోడని, నేరుగా ఆయన కింద పదులకొద్దీ మంది ఉంటారని తెలిసి, "ఆయనా మనలాగే" అని సంబరపడేవాళ్లున్నారు. ఆయన వద్దంటున్నది చాటుమాటు మాటల్ని. ఒకరికి చెప్పాల్సింది, చివరికి ఒకరిని తప్పుపట్టాల్సింది కూడా అందరి ముందే, అందరూ నేర్చుకోవాలని. గ్రోవ్‌కు ఇద్దరి మీటింగుల మీద ఎంత గురో హ్వాంగ్‌కు అంత విముఖత. ఎవరిది ఒప్పో తేల్చే పని నాకొద్దు (నలుగురిలో చివాట్లు తినడం తెలుగు ప్రాణాలకు అంత సులువు కాదు లెండి). ఈ ఊరి రెండు పెద్ద కంపెనీలనూ నడిపినవాళ్లు మనుషులు ఒకచోట చేరడాన్ని పనిగానే లెక్కపెట్టారన్నది మాత్రం కనబడుతూనే ఉంది.

చెత్త మీటింగులు లేవని నేననడం లేదు. అధ్యక్షుడు అరగంట స్వాగతం పలికి, ఒక్కొక్కరూ తమ వారం దినచర్య చదివి, "ఇంకేమైనా ఉందా" అనేసరికి రెండో గంట దాటిపోయే మీటింగు నిజంగానే ఈమెయిల్‌తో పోయేది. బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1957లోనే ఇలాంటి కమిటీని బొమ్మ కట్టి చూపించాడు: అణు రియాక్టరును రెండున్నర నిమిషాల్లో ఆమోదించి, సైకిల్ షెడ్డు మీద ముప్పావుగంట కొట్టుకున్న కమిటీ. కమిటీలంటేనే బుద్ధిహీనతని చెప్పడానికి దీన్ని వాడుకుంటారు. ఆయన చూపిన కారణం మాత్రం ఎవరూ ఎత్తరు. రియాక్టరంటే ఏమిటో చాలామంది సభ్యులకు తెలియదు, తెలియదని చెప్పడానికి మొహమాటం. తెలిసినవాడేమో ఇప్పుడు వీళ్లందరికీ ఎక్కడ విప్పి చెప్పేదని ఊరుకున్నాడు. కాగితాలు వారం ముందు చేతికిస్తే, ఖరీదైన అంశం ఎజెండాలో పైనుంటే ఈ జబ్బు చాలావరకు కుదురుతుంది. మన సంఘాల్లో సైకిల్ షెడ్డు పేరు బాంక్వెట్ మెనూ. గుత్తి వంకాయా, గోంగూర మటనా అన్నదానికి గంట. హాలు రద్దు చేసుకుంటే అడ్వాన్సులో ఎంత పోతుందన్న షరతు ఎవరూ చదవరు.

2011 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 18వ మహాసభలు ఇక్కడి కన్వెన్షన్ సెంటర్లోనే జరిగాయి. అంతటి సభ అంటే వసతికి, భోజనాలకు, వేదికకు, రిజిస్ట్రేషన్‌కు, రవాణాకు కమిటీల మీద కమిటీలు. పనిచేసేవాళ్లు పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రాలు ఇచ్చే స్వచ్ఛంద సేవకులు. జీతం లేదు కాబట్టి ఆజ్ఞ చెల్లదు. పైగా అందరూ సమానులు, ఎవరి ఆఫీసులో వాళ్లు డైరెక్టర్లు. సమానులు పదిమంది కూర్చుంటే ఎవరూ తెగించి తేల్చరనీ, ఒక మెట్టు పైనున్నవాడొకడు గదిలో ఉంటేనే మాట ఒడ్డెక్కుతుందనీ గ్రోవ్ గమనించాడు. మనకు ఆ పై మెట్టు మనిషి లేడు. ఆ లోటు తీర్చగలిగేవి నియమాలే: ఎజెండా, వంతు, ఓటు.

వాట్సాప్ పాలనలో ఎవరు నష్టపోతున్నారో కాస్త చూడండి. వ్యవస్థాపక సభ్యుడికి ఏ నష్టమూ లేదు, ఆయన ఫోన్ చేస్తే అందరూ ఎత్తుతారు. నష్టపోయేది మొన్న ఆగస్టులో ఎమ్మెస్‌కు దిగిన విద్యార్థి. రాత్రి షిఫ్టు చేసే నర్సు. పిల్లల్ని పడుకోబెట్టి పదింటికి ఫోన్ తెరిచేసరికి డెబ్బై మెసేజీలు దాటిపోయి, నిర్ణయం ఏడింటికే అయిపోయిందని తెలుసుకునే తల్లి. మనకు పెద్దరికం మీద గౌరవం జాస్తి. "మీరెలా అంటే అలా అన్నా" అనడం మనకు నోటి అలవాటు, అన్నలు దాన్ని ఏకగ్రీవం కింద జమ కట్టుకుంటారు. గరాజులో గ్లాసుల మధ్య జరిగే సమాలోచనకు ఆడవాళ్లకు పిలుపుండదు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చోవడానికి మాత్రం "చెల్లెమ్మా" అని ఫోన్ వస్తుంది. నాయకులూ నియమాలూ లేవనుకునే గుంపుల్లోనే కనబడని పెత్తనం పాతుకుపోతుందని అమెరికా స్త్రీవాది జో ఫ్రీమన్ 1970లలోనే రాసింది. ఆమె చూసిన గుంపులు వేరు. రోగం అదే.

ఇదే ఊరి నగర కౌన్సిల్ ఎలా నడవాలో చట్టం చెబుతుంది. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశపు ఎజెండా 72 గంటల ముందు జనం కంటపడేలా పెట్టాలి. అందులో లేని విషయం మీద, అత్యవసరమైతే తప్ప, నిర్ణయం చేయకూడదు. మెజారిటీ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లలోనో ఈమెయిళ్లలోనో మధ్యవర్తుల ద్వారానో గొలుసుగా మాట్లాడుకుని ముందే తేల్చుకోవడం కూడా నిషేధమే. 2021 నుంచి ఇంకో మెలిక పెట్టారు: కౌన్సిల్ పరిధిలోని విషయం మీద ఒక సభ్యుడు సోషల్ మీడియాలో ఏదైనా రాస్తే మరో సభ్యుడు దానికి జవాబివ్వకూడదు, చివరికి ఎమోజీ పెట్టడం కూడా కుదరదు. శాంటా క్లారా కౌన్సిలర్ పెట్టకూడని ఆ బొటనవేలినే మన కార్యదర్శి ఓటుగా లెక్కపెడుతున్నాడు.

చట్టం ఉంటే అంతా సవ్యంగా ఉంటుందని కాదు. 2022లో కౌంటీ సివిల్ గ్రాండ్ జ్యూరీ, ఇక్కడి లీవైస్ స్టేడియం ఫుట్‌బాల్ జట్టు ప్రతినిధులతో కొందరు కౌన్సిలర్లు ఇద్దరు ముగ్గురు చొప్పున పదేపదే విడిగా కలుస్తున్నారని ఘాటుగా ఆక్షేపించింది. వాళ్లు ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఎవరిది నిజమన్నది అలా ఉంచండి. బహిరంగంగా కూర్చోవాలన్న నియమం ఉండబట్టే, చాటుగా కూర్చుంటున్నారని అడగడానికి జనానికి ఒక ఆధారం దొరికింది. మన సంఘంలో అలా అడిగితే "ఏంటి తమ్ముడూ, నమ్మకం లేదా?" అంటారు.

బ్రౌన్ చట్టం ప్రభుత్వ సంస్థలకే, మనకు వర్తించదు. అలాగని మనకు చట్టమే లేదనుకోకండి. కాలిఫోర్నియాలో ప్రజాప్రయోజన సంస్థగా నమోదైన సంఘం బోర్డు, మీటింగు పెట్టకుండా నిర్ణయం చేయాలంటే డైరెక్టర్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మెజారిటీ చాలదు, ఒక్కరు ఊరుకున్నా చెల్లదు. ప్రత్యేక సమావేశానికి ఫోన్లోనో ఈమెయిల్లోనో పిలిస్తే కనీసం 48 గంటల ముందు పిలవాలి. బోర్డుకూ, దాని కమిటీలకూ మినిట్స్ ఉండాలి. మీటింగు జరగకపోయినా పనైపోయింది కదా అనే కార్యవర్గాలు చేస్తున్నది చొరవ కింద రాదు, చట్టాన్ని పక్కకు తోయడం కిందికి వస్తుంది.

ఈ నియమాలన్నీ తీరిక ఉన్న దొరల సృష్టి అనుకునేవాళ్లు హెన్రీ రాబర్ట్ సంగతి తెలుసుకోవాలి. సైన్యంలో ఇంజనీరు. 1863లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమంటే, ఎలా నడపాలో తెలియక అది రసాభాస అయింది. 1867లో శాన్ ఫ్రాన్సిస్కోకు బదిలీ అయి వచ్చాడు. ఇక్కడ దేశం నలుమూలల నుంచి దిగినవాళ్లు ఎవరి ఊరి పద్ధతి వాళ్లదంటూ సభలో తగువులాడుకోవడం చూశాడు. అందరికీ ఒక పద్ధతి ఉండాలని 1876లో పుస్తకం అచ్చువేశాడు. గుంటూరు నుంచీ కరీంనగర్ నుంచీ కడప నుంచీ వచ్చి ఇదే సముద్రపు పాయ చుట్టూ చేరినవాళ్లం మనం. ఆయన పుస్తకం మొత్తం మనకక్కర్లేదు. ప్రతిపాదన ఒకరు చేయాలి, మరొకరు బలపరచాలి, ఒకసారి ఒక్క విషయమే నడవాలి, ఇంకా మాట్లాడనివాడికి రెండోసారి లేచినవాడి కంటే ముందు అవకాశమివ్వాలి. ఈ మాత్రం చాలు.

"అంత టైం ఎక్కడిదండీ" అంటారు. టైం లేదనే పెద్దమనిషి ఆ నిర్ణయం మీద ఆ తర్వాత నెల రోజులు పగలూ రాత్రీ మెసేజీలు కొడతాడు. ఎజెండాలో "బాంక్వెట్" అని ఒక్క ముక్క రాస్తే గంట తినేస్తుంది. "బాంక్వెట్ టికెట్లు 600 దగ్గర ఆపాలా, 800 దాకా అమ్మాలా?" అని రాస్తే ఇరవై నిమిషాల్లో తేలుతుంది, ఎందుకంటే వచ్చేవాళ్లు హాలు లెక్క చూసుకుని వస్తారు. అధ్యక్షుడు తన అభిప్రాయం చివర్న చెప్పాలి. మొదటే చెప్పేస్తే మిగిలినవాళ్లు తలూపడానికే వచ్చినట్లు. కొత్తవాళ్లతో మొదలుపెట్టించాలి. ఒప్పుకోనివాడి కారణం మినిట్స్‌లో ఎక్కాలి. మన దగ్గర అన్నిటికంటే అరుదైనది ఇదే, ప్రతి తీర్మానమూ ఏకగ్రీవమే మరి. ఏం తేలింది, ఎవరు చేస్తారు, ఎప్పటికి, ఈ మూడు ముక్కలూ మర్నాటికల్లా అందరికీ అందాలి. అనుకున్న వేళకు ముగించాలి. తేలని అంశం వచ్చే వాయిదాకు పోతుంది, గరాజుకు కాదు.

ఇవన్నీ మనకు చేతకాని విద్యలేం కాదు. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 1990లలో నెల్లూరు జిల్లా నుంచి ఊపందుకున్న పొదుపు సంఘాల సంగతి ఈ ఊళ్లో చాలామందికి అమ్మల ద్వారానో అత్తల ద్వారానో తెలుసు. వాళ్ల పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకాలు దాని తర్వాతే. ఎవరికి ఎంత అప్పివ్వాలో అందరి ముందూ మాట్లాడి, తీర్మానం రాయించి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేస్తారు. సంఘానికి బ్యాంకు అప్పివ్వాలంటే తీర్మానం అడుగుతుంది, పుస్తకాలు తిరగేస్తుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ అక్కడ చెల్లదు. బడి ముఖం సరిగా చూడని ఆడవాళ్లు వారానికొకసారి చేయగలిగిన పనికి ఎన్విడియాలో, ఇంటెల్‌లో పనిచేసేవాళ్లకు తీరిక లేదంటే నేను నమ్మను. తీరిక ఉంది. నలుగురి ముందు కారణం చెప్పుకోవడం ఇష్టం లేదు.

కాబట్టి ఈ వ్యాసం చదివాక ఒక పని చేయండి. ఓ మోస్తరు పెద్ద సంఘాలు ఏటా ఆదాయపన్ను శాఖకు ఇచ్చే 990 ఫారం ఎవరైనా చూడొచ్చు. మీ సంఘానిది తెరిచి ఆరో భాగంలో ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగండి. బోర్డు సమావేశాలనూ, అధికారమున్న కమిటీల సమావేశాలనూ ఎప్పటికప్పుడు రాతలో పెట్టారా అని అక్కడ అడుగుతారు. "అవును" అని టిక్కు ఉంటే ఆ మినిట్స్ చూపించమని కార్యదర్శికి రాతపూర్వకంగా రాయండి. సభ్యత్వానికి సంబంధించిన సరైన అవసరం ఉంటే వాటిని చూసే హక్కు కాలిఫోర్నియా చట్టం సభ్యులకిచ్చింది.